తునికాకు సీజను, పరీక్షల టైంటేబులు

కొత్తగూడెం బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ షాపులో ఎండాకాలం ఒక కుర్రాణ్ణి చూశాను. ఇరవై రెండేళ్ళుంటాయేమో. చేతిలో పాలిథిన్ కవరు, అందులో ఆధార్ కార్డు, రేషన్ కార్డు జిరాక్సు, మడతల దగ్గర చిరిగిపోతున్న ఎనిమిదో తరగతి టీసీ. ఓపెన్ స్కూల్లో పది కడదామని వచ్చాడు. టీసీలో పుట్టినతేదీ ఒకటుంది, ఆధార్‌లో ఇంకోటుంది. "ఏది వెయ్యమంటావన్నా?" అని షాపతన్ని అడిగాడు. "ముందు ఆధార్ మార్పించుకో తమ్ముడూ, లేకపోతే రేపు సర్టిఫికెట్‌తో తంటా" అన్నాడతను. కుర్రాడు కాగితాలు ఒక్కొక్కటే సర్దుకుని, కవరు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అతను ఆ రోజు కూలి వదులుకుని, బస్సు చార్జీ పెట్టుకుని వచ్చాడు. "వీళ్ళకి చదువు మీద ఆసక్తి లేదండీ" అనే మాట ఎవరన్నా నాకు ఆ పాలిథిన్ కవరే గుర్తొస్తుంది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా పిల్లల చదువు ప్రభుత్వం బాధ్యత అంది. అందుకే జూన్ వస్తే బడిబాట పేరుతో టీచర్లు ఇల్లిల్లూ తిరుగుతారు. పద్నాలుగు దాటినవాడి కోసం ఎవరూ తిరగరు. వాడు బడి రిజిస్టర్లో ఉండడు, పని రికార్డుల్లోనూ ఉండడు. చదువులోనూ, ఉద్యోగంలోనూ, శిక్షణలోనూ లేని ఇలాంటి యువతను యూరప్ దేశాలు విడిగా లెక్కపెడతాయి. 2013లో అక్కడ ఒక మాట ఇచ్చుకున్నారు: పాతికేళ్ళ లోపు మనిషి చదువు మానేసినా, పని పోగొట్టుకున్నా నాలుగు నెలల్లోపు ఏదో ఒక దారి చూపించాలని. అన్ని దేశాలూ ఆ మాట సరిగ్గా నిలుపుకోలేదు. కానీ నాలుగు నెలలు అన్నారంటే, ఎవరు ఎప్పుడు బయటికొచ్చారో ముందు తెలిసుండాలి. మన దగ్గర మొదలుపెట్టాల్సింది కూడా అక్కడే.

ఈ కొత్తగూడెం జిల్లాలో బడి మానేసినవాళ్ళందరూ ఒక్కలాంటివాళ్ళు కాదు. సింగరేణి బొగ్గు గనుల క్వార్టర్లలో పెరిగిన కుర్రాడి కథ వేరు. ఒకప్పుడు తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కి డిపెండెంట్ ఉద్యోగం వచ్చేది. ఇంటర్‌లో సప్లిమెంటరీ పడినా పెద్దగా దిగులు ఉండేది కాదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి, మట్టి తీసే పని కాంట్రాక్టర్ల చేతికి పోయింది. కారుణ్య నియామకాలు మళ్ళీ ఇస్తున్నా, ఆ ఉద్యోగం కోసం పాతికేళ్ళ దాకా ఎదురుచూసిన కుర్రాడి చేతిలో ఈలోపు మరో విద్య ఏదీ ఉండదు.

గుండాల, ఆళ్ళపల్లి, కరకగూడెం వైపు కోయ గూడేల కథ ఇంకోటి. ఇంట్లో కోయ భాష, బళ్ళో తెలుగు, పైకి పోతే ఇంగ్లీషు. ఆశ్రమ పాఠశాలలో ఎలాగో నెగ్గుకొచ్చినా చదువుకు ఫలం ఏమిటని అడిగితే పెద్దలు చూపించే దారి ఒకటి ఉండేది: టీచర్ ఉద్యోగం. ఏజెన్సీలో ఆ పోస్టులు పూర్తిగా గిరిజనులకే ఇచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఊళ్ళో కళ్ళెదురుగా కనిపించే ఉద్యోగం అనిశ్చితంగా మారితే తమ్ముళ్ళ చదువు మీద ఆ ప్రభావం పడకుండా ఉంటుందా?

అందరికంటే కష్టం గుత్తికోయలది. 2005 తరవాత మావోయిస్టులకు వ్యతిరేకంగా లేచిన సల్వాజుడుం గొడవల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చి చర్ల, దుమ్ముగూడెం, ములకలపల్లి అడవుల్లో ఉండిపోయారు. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అక్కడ ఎస్టీ అయినవాడు ఇక్కడ ఎస్టీ కాదు. ఆ వలస నాటి పసిపిల్లలు ఇవాళ ఇరవై దాటినవాళ్ళు. వాళ్ళలో పది పాసైనవాడికి కూడా కుల ధ్రువీకరణ దగ్గర దారి ఆగిపోతుంది.

మరి తిరిగొచ్చే దారులు లేవా అంటే, ఉన్నాయి. ఓపెన్ స్కూల్లో పద్నాలుగేళ్ళు నిండిన ఎవరైనా పది కట్టొచ్చు, పైన వయసు అడ్డు లేదు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కాలని లేదు, ఐదేళ్ళలో విడతలుగా పూర్తి చేయొచ్చు. ఐటీఐలో వెల్డర్ లాంటి ట్రేడ్లకు ఎనిమిది చాలు, ఏడాది కోర్సు. నక్సల్ ప్రభావిత జిల్లాలకు ఐటీఐలు, శిక్షణ కేంద్రాలు ఇవ్వాలని 2011లో కేంద్రం 34 జిల్లాలు ఎంచుకుంటే వాటిలో మన పాత ఖమ్మం జిల్లా ఒకటి. భద్రాచలంలో గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) యువజన శిక్షణ కేంద్రం ఉంది. 2014లో వచ్చిన దీన్ దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన 15 నుంచి 35 ఏళ్ళ వాళ్ళకు భోజనం, వసతితో ఉచితంగా శిక్షణ ఇస్తుంది.

దారులున్నా మనుషులు ఎందుకు చేరరు అన్నదే అసలు విషయం. ఇక్కడి సంవత్సరాన్ని ఒకసారి చూడండి. సంక్రాంతి దాటితే మిరప కోతలు, మార్చి చివరిదాకా. మార్చిలోనే ఇప్పపువ్వు రాలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, యాభై ఆకులు ఒక కట్టగా కట్టి, సాయంత్రానికి ఆకు కొనే కల్లానికి చేర్చాలి. ఇంటిల్లిపాదీ కూర్చుంటే తప్ప కట్టలు లెక్కకు రావు. ఏడాది మొత్తంలో చేతికి కాస్త ఎక్కువ డబ్బు వచ్చేది ఆ కొద్ది వారాలే. ఓపెన్ స్కూల్ పెద్ద పరీక్షలు పడేది కూడా సరిగ్గా అప్పుడే. దసరా చుట్టుపక్కల రెండో విడత ఉంది, కానీ ఆ సంగతి గూడేనికి వెళ్ళి చెప్పేవాళ్ళు తక్కువ. పరీక్షకు రాలేదని చిట్టాలో గైర్హాజరు పడిన కుర్రాడు ఆ పూట ఎక్కడున్నాడో కల్లంలో ఆకు లెక్క చూసే కల్లేదారుకు తెలుసు.

శిక్షణ పథకాల ఇబ్బంది మరో రకం. శిక్షణ పొందినవాళ్ళలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలని నిబంధన. చూపిస్తారు, హైదరాబాదులో. గది అద్దె, తిండి పోను ఇంటికి పంపేది ఎంత మిగిలిందని లెక్క వేసుకుని కుర్రాడు మూడో నెలలో బస్సెక్కుతాడు. అతను చెడిపోయాడని నేననను, లెక్క బాగానే వేశాడు. అదే వెల్డింగు నేర్పి మణుగూరు, పాల్వంచ, సారపాక పరిశ్రమల చుట్టూ ఉన్న పనుల్లో అప్రెంటిస్‌గా పెడితే ఆదివారానికి ఇంటికి పోగలడు. దూరం తగ్గించడం కూడా శిక్షణలో భాగమే అని నా నమ్మకం.

ఆడపిల్లల సంగతి ఇంకా బరువు. పదిహేడులో చదువు ఆగి, పందొమ్మిదికి చంకలో బిడ్డతో ఉన్న అమ్మాయికి హాస్టల్ కోర్సు ఎంత ఉచితమైనా అందదు. బిడ్డను చూసుకునేవాళ్ళు ఉండాలి, లేదా తరగతి అంగన్‌వాడీ పక్కనే జరగాలి.

దారి చూపించిన అనుభవం మనకు లేకపోలేదు. 1990ల్లో శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పనిలో ఉన్న పిల్లల్ని తెచ్చి, పన్నెండేళ్ళవాణ్ణి ఒకటో తరగతిలో పసివాళ్ళ పక్కన కూర్చోబెట్టకుండా, బ్రిడ్జి క్యాంపుల్లో కొన్ని నెలలు విడిగా చదివించి వయసుకు తగ్గ తరగతిలో చేర్చింది. సిగ్గు అనేది ఎంత పెద్ద గోడో వాళ్ళు గుర్తించారు. ఇరవై ఏళ్ళవాడికి ఆ గోడ ఇంకా ఎత్తు. క్యాంపు కంటే ముఖ్యమైంది మరొకటి ఉంది: ఆ పిల్లల ఇళ్ళకు పదేపదే వెళ్ళిన ఊరి యువకులు. చేరినవాడు రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఇంటి ముందు నిలబడే మనిషి. కొత్త పథకం ప్రకటించినంత సులువుగా ఆ మనిషి దొరకడు, జీతం ఇచ్చి నిలబెట్టుకోవాలి.

కొన్ని నెలల తరవాత ఆ జిరాక్స్ షాపుకే వెళ్ళాల్సి వచ్చింది. కుర్రాడి సంగతి అడిగాను. వచ్చాడట. ఆధార్ సరిచేయించుకున్నాడు, అప్పటికి ప్రవేశాల గడువు దాటిపోయింది. "మళ్ళా నోటిఫికేషన్ పడితే నేనే ఫోన్ చేస్తానని చెప్పిన" అన్నాడు షాపతను. గోడ మీద వేలాడుతున్న క్యాలెండరు చూపించాడు. ఓ మూలన పెన్నుతో రాసిన ఫోన్ నంబరు, కింద రెండు మాటలు: "పది, దసరాకు".