అండమాన్ ట్రిప్: నీల్ ద్వీపానికి ఒక్క పూట చాలదు.. టికెట్ కంటే ముందు చూసుకోవాల్సినవి ఇవే!

అండమాన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది సెల్యులార్ జైలు, ఆ తర్వాత హావ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్. ఈ రెండింటి మధ్యలో నీల్ ద్వీపం పేరు కూడా ప్యాకేజీలో కనిపిస్తుంది కానీ, దానికి దక్కేది ఒక్క పూటే. పొద్దున ఫెర్రీ దిగడం, నాలుగు ఫొటోలు, సాయంత్రం మళ్లీ ఫెర్రీ. నిజానికి పగడపు దిబ్బలు, డైవింగ్, ప్రశాంతత కోసం వెళ్లేవాళ్లు ఎక్కువ రోజులు ఉండాల్సింది ఇక్కడే. ఎందుకంటే ఈ ద్వీపంలో ఏది ఎప్పుడు చూడాలో నిర్ణయించేది టూర్ ఆపరేటర్ కాదు, సముద్రం.

ఎక్కడుంది? ఎలా వెళ్లాలి?

నీల్ ద్వీపానికి 2018 డిసెంబర్‌లో షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024 సెప్టెంబర్ నుంచి శ్రీ విజయపురం అయింది. బుకింగ్ సైట్లలో పాత పేర్లు, కొత్త పేర్లు రెండూ కనిపిస్తాయి, కంగారు పడక్కర్లేదు.

శ్రీ విజయపురం నుంచి నీల్‌కు సుమారు 40 కిలోమీటర్లు. ప్రైవేట్ ఫెర్రీలో గంట, గంటన్నర పడుతుంది. ప్రభుత్వ ఫెర్రీ ఛార్జీ తక్కువ, టైమ్ కాస్త ఎక్కువ. హైదరాబాద్, చెన్నై నుంచి శ్రీ విజయపురానికి విమానాలున్నాయి. టైమ్ ఉన్నవాళ్లకు విశాఖ నుంచి ఓడ కూడా ఉంది కానీ రోజూ దొరకదు, ప్రయాణం రెండు రోజులకు పైనే. ఇక శ్రీ విజయపురంలో తెలుగువాళ్లు బాగానే ఉంటారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. నీల్‌లో మాత్రం బెంగాలీ, హిందీ ఎక్కువ వినిపిస్తాయి.

ఎప్పుడు వెళ్లాలి?

డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకు మంచి సీజన్. అందులోనూ ఫిబ్రవరి, మార్చి నెలల్లో సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, నీళ్లలో దూరం వరకు కనిపిస్తుంది. మే రెండో సగం నుంచి నైరుతి రుతుపవనాలు మొదలవుతాయి. అలలు పెరిగితే ఫెర్రీలు రద్దవుతాయి. అందుకే ఫెర్రీ దిగిన రోజే తిరుగు విమానం ఎక్కేలా ప్లాన్ అస్సలు పెట్టుకోవద్దు.

ముందు ఆటుపోట్ల టైమ్ చూడండి

మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. నీల్‌లో రోజుకు రెండుసార్లు నీళ్లు పైకి వస్తాయి, రెండుసార్లు వెనక్కి పోతాయి. పోటుకు, పాటుకు మధ్య సుమారు 6 గంటలు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ తేడా మరీ ఎక్కువ.

లక్ష్మణ్‌పూర్ దగ్గరున్న సహజ రాతి వంతెన దగ్గరకు నీళ్లు తగ్గినప్పుడే నడిచి వెళ్లగలం. అప్పుడే రాళ్ల గుంటల్లో చిన్న చేపలు, పీతలు, సముద్ర దోసకాయలు కనిపిస్తాయి. అదే భరత్‌పూర్‌లో స్నార్కెలింగ్ చేయాలంటే నీళ్లు ఉండాలి. తక్కువ నీళ్లలో దిగితే కాళ్లు నేరుగా పగడాల మీదే పడతాయి. అంటే ఈ రెండూ ఒకే టైమ్‌లో కుదరవు. ఒక్క పూట ప్యాకేజీలో ఏదో ఒకటి మిస్ అయ్యేది ఇందుకే.

ఇంకో విషయం. అండమాన్ దేశానికి బాగా తూర్పున ఉంది కానీ గడియారం మనదే. డిసెంబర్‌లో సాయంత్రం 5 గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు. లక్ష్మణ్‌పూర్‌లో సూర్యాస్తమయం చూడాలంటే 4 గంటలకల్లా బయల్దేరాలి. సూర్యోదయానికి సీతాపూర్ బీచ్ బాగుంటుంది. ద్వీపం చిన్నది, సైకిల్ మీద తిరిగేయొచ్చు.

ఈత రాకపోయినా డైవింగ్ చేయొచ్చా?

చేయొచ్చు. మొదటిసారి దిగేవాళ్లకు ట్రయల్ డైవ్ ఉంటుంది. ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉంటారు, 12 మీటర్ల లోతు దాటనివ్వరు. కనీసం 10 ఏళ్లు ఉండాలి. సొంతంగా డైవ్ చేయడం నేర్చుకోవాలంటే ఓపెన్ వాటర్ కోర్సు 3, 4 రోజులు పడుతుంది. దానికి ఈత రావాలి.

డైవింగ్‌కు ముందు హెల్త్ ఫామ్ ఇస్తారు. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్ లాంటివి ఉంటే దాచొద్దు. జలుబు ఉన్నా ఆ రోజుకు ఆగడమే మంచిది, చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు. నీటి లోపల ఊపిరి బిగబట్టకూడదు.

అన్నిటికంటే ముఖ్యం విమానం సంగతి. డైవింగ్‌లో ఒంట్లోకి అదనంగా నైట్రోజన్ చేరుతుంది. అది పూర్తిగా బయటికి పోకముందే విమానం ఎక్కితే, పైన ఒత్తిడి తగ్గి రక్తంలో బుడగలు కడతాయి. కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా ప్రమాదం ఉంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, అంతకు మించి చేస్తే 18 గంటలు ఆగాలి. ద్వీపంలో ఉన్నది చిన్న ఆస్పత్రే, పెద్ద సమస్య వస్తే మళ్లీ సముద్రం దాటాల్సిందే.

పగడం రాయి కాదు

పగడం చిన్న చిన్న జీవుల కాలనీ. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచు వాటికి ఆహారం, రంగు రెండూ ఇస్తుంది. నీళ్లు మరీ వేడెక్కితే ఆ నాచు బయటికి పోతుంది, పగడం తెల్లబడుతుంది. 2010లో, 2016లో అండమాన్ పగడాలు ఇలాగే పెద్ద ఎత్తున దెబ్బతిన్నాయి. కోలుకుంటున్న చోట ఒక్క కాలు పడినా ఏళ్ల ఎదుగుదల విరిగిపోతుంది.

నీల్ చుట్టూ సముద్రపు గడ్డి మైదానాలు కూడా ఉన్నాయి. అండమాన్ రాష్ట్ర జంతువు డుగాంగ్, అంటే సముద్రపు ఆవు, మేసేది ఈ గడ్డినే. కనిపిస్తే అదృష్టం. బోటుతో వెంటపడొద్దు.

ఒడ్డున పడి ఉంది కదా అని పగడం ముక్క బ్యాగులో వేసుకోవడం కూడా నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో పగడాలున్నాయి. 3 నుంచి 7 ఏళ్ల జైలుకు చట్టంలో వీలుంది. ఎయిర్‌పోర్టులో బ్యాగులు స్కాన్ చేస్తారు.

6 రోజుల ప్లాన్ ఇలా..

- 1వ రోజు: శ్రీ విజయపురం చేరుకుని అక్కడే బస
- 2వ రోజు: పొద్దున ఫెర్రీలో నీల్, సాయంత్రం లక్ష్మణ్‌పూర్
- 3వ రోజు: పొద్దున డైవ్, మధ్యాహ్నం విశ్రాంతి
- 4వ రోజు: నీళ్లు తగ్గినప్పుడు రాతి వంతెన, పెరిగినప్పుడు స్నార్కెలింగ్
- 5వ రోజు: సీతాపూర్‌లో సూర్యోదయం, ఫెర్రీలో తిరుగు ప్రయాణం
- 6వ రోజు: విమానం

ఫెర్రీ రద్దయినా 5వ రోజు సాయంత్రం వరకు వెసులుబాటు ఉంటుంది. డైవ్‌కు, విమానానికి మధ్య రెండు రోజులకు పైగా గ్యాప్ దొరుకుతుంది.

బ్యాగులో నగదు, ఒంటిని కప్పే ఫుల్ హ్యాండ్స్ స్విమ్ డ్రెస్ పెట్టుకోండి. డ్రెస్ ఉంటే సన్‌స్క్రీన్ తక్కువ సరిపోతుంది, పగడాలకు హాని చేసే కెమికల్స్ నీళ్లలో కలిసేది తగ్గుతుంది. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్న చోట నీళ్లలోకి దిగొద్దు.

డైవ్ సెంటర్‌ను బుకింగ్‌కు ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది? బోటులో ఆక్సిజన్ ఉంటుందా? సముద్రం బాగోక రద్దయితే డబ్బు వాపస్ ఇస్తారా? సూటిగా జవాబు రాకపోతే ఇంకో సెంటర్ చూసుకోవడం మేలు.