ఈవీవీ నవ్వులో రెండో అర్థం

గోదావరి జిల్లాల్లో పెళ్లికి ఎప్పుడైనా వెళ్లారా? విస్తరి ముందు కూర్చున్న కొత్త పెళ్లికొడుకుని మరదళ్లు అడిగే ప్రశ్నలు వినాలి. పైకి చూస్తే అన్నీ బూరెల గురించే. లోపల మాత్రం ఇంకేదో ఉంటుంది. అర్థమైనవాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు. పక్కనున్న పిల్లాడు ‘ఎందుకత్తా నవ్వుతున్నావ్?’ అంటే, ‘నీకెందుకురా, తిను’ అంటూ అత్తయ్య ఇంకో బూరె వేస్తుంది. అక్కడితో సరి.

ఆ వేళాకోళాన్ని పందిట్లోంచి వెండితెర మీదకు ఎక్కించినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఈదర వీర వెంకట సత్యనారాయణ పేరు. అదే... మన ఈవీవీ. 1956లో పుట్టారు. నిడదవోలు దగ్గర కోరుమామిడి ఆయన ఊరు. దాదాపు యాభై సినిమాలు తీస్తే, కొందరు ‘బూతు డైరెక్టర్’ అని ఒక్క మాటలో తేల్చేశారు.

విచిత్రమేమిటంటే ఆయన గురువు జంధ్యాల! నరసాపురంలో పుట్టిన జంధ్యాల సినిమాకి అమ్మమ్మనీ మనవరాలినీ పక్కపక్కన కూర్చోబెట్టొచ్చు. ఆ యూనిట్‌లోనే ఈవీవీ ఏళ్ల తరబడి అసిస్టెంటుగా పనిచేశారు. గురువుగారి దగ్గర మాటల విరుపు, టైమింగూ పట్టుకున్నారు. హద్దు మాత్రం తనే వేరేగా గీసుకున్నారు.

తొలి సినిమా ‘చెవిలో పువ్వు’ (1990) ఆడలేదు. అలాంటి దర్శకుడికి రామానాయుడు ‘ప్రేమఖైదీ’ అప్పగించడమే పెద్ద విశేషం. అది హిట్టు. ఇక వెనక్కి తిరిగి చూసుకోలేదు. 1992లో రాజేంద్రప్రసాద్‌తో ‘ఆ ఒక్కటీ అడక్కు’ తీశారు. టైటిల్లోనే రెండో అర్థం ఉంది. అయినా ఆ మాట ఇళ్లల్లో సామెతలా స్థిరపడిపోయింది. అప్పు అడిగినా అదే జవాబు, జీతం ఎంతని అడిగినా అదే జవాబు!

‘జంబలకిడి పంబ’ది ఇంకో దారి. ఆడవాళ్ల తీరు మగవాళ్లకూ, మగవాళ్ల తీరు ఆడవాళ్లకూ వచ్చేస్తే? రోడ్డు మీద ఏడిపించేది ఆడవాళ్లు, ముడుచుకుపోయేది మగవాళ్లు. ఘాటైన జోకులు అందులోనూ ఉన్నాయి. కానీ ఆ దెబ్బ తగిలింది మగాడికి. థియేటర్లో ఆడవాళ్లు పగలబడి నవ్వారంటే నవ్వరూ మరి!

తర్వాత కొద్ది కాలానికే, 1995లో, అదే దర్శకుడు ‘అల్లుడా మజాకా’ తీశారు. చిరంజీవి హీరో. పొగరుబోతు అత్తను అల్లుడు దారికి తెచ్చే కథ తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. అయితే అత్తా అల్లుళ్ల మధ్య పెట్టిన సన్నివేశాలు చూసి మహిళా సంఘాలు భగ్గుమన్నాయి. సినిమాని నిషేధించాలన్నారు. గొడవ గొడవే, కలెక్షన్లు కలెక్షన్లే. జనం వరస కట్టారు.

మహిళా సంఘాల కోపంలో న్యాయం ఉందనే అనిపిస్తుంది. పందిట్లో సరసమాడితే పెళ్లికొడుకు తిరిగి ఓ మాట అనగలడు, శ్రుతి మించితే పెద్దవాళ్లు కసురుకుంటారు. పైగా ఆ సరసం బావామరదళ్ల వరసకే గాని అత్తగారి వరసకు చెల్లదు. తెర మీద ఆ వరసా లేదు, కసిరే పెద్దా లేదు. హాల్లో వెయ్యిమంది ఒకేసారి ఈల వేస్తుంటే పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన ఇల్లాలు ఎటు చూడాలి? ఆ పక్కన కూర్చున్న ఆయన మాత్రం ఏం చేస్తాడు, లేని దగ్గు తెచ్చుకుంటాడు!

అలాగని మనిషి మొత్తాన్నీ ఆ ఒక్క సినిమాతో తూచలేం. ‘ఆమె’ (1994)లో మధ్యతరగతి ఆడపిల్ల కష్టాన్ని చూపించిందీ ఆయనే. ‘మా నాన్నకు పెళ్లి’ (1997)లో కొడుకే పూనుకుని తండ్రికి తోడు వెతుకుతాడు. నిడమర్రుకు చెందిన తెలుగు లెక్చరర్ ఎమ్మెస్ నారాయణ తాగుబోతు పాత్రతో ఇంటింటికీ తెలిసింది ఆ సినిమాతోనే.

ఇంకో సంగతి. అమితాబ్‌తో హిందీ ‘సూర్యవంశం’ (1999) తీసింది ఈవీవీయే. తండ్రీకొడుకుల కథ, ఒక్క ముతక మాట వినపడదు. థియేటర్లలో అంతంతమాత్రంగానే ఆడినా, టీవీలో పదేపదే వేసి వేసి దేశమంతా నవ్వుకునే స్థాయికి తెచ్చారు.

చివరి రోజుల్లో ‘కితకితలు’ (2006) లాంటి కామెడీలు చిన్నకొడుకు అల్లరి నరేశ్‌తో తీశారు. ‘కత్తి కాంతారావు’ (2010) ఆయన ఆఖరి సినిమా. 2011 జనవరి 21న, 54 ఏళ్లకే క్యాన్సర్‌తో హైదరాబాద్‌లో కన్నుమూశారు.

2024లో నరేశ్ మళ్లీ ‘ఆ ఒక్కటీ అడక్కు’ అనే పేరుతోనే ఓ సినిమా చేశారు. అందులో అడగకూడని ఆ ఒక్కటీ... ‘పెళ్లెప్పుడు?’ అన్న ప్రశ్న.