నున్నని చారలలో చేపపిల్లలు

గాలి పలచగా వీచే పూట గట్టు మీద నుంచి సముద్రాన్ని చూస్తే, చిరు అలల గరుకు మధ్య నూనె రాసినట్టు నున్నని చారలు పొడుగ్గా సాగిపోతూ కనిపిస్తాయి. మనకవి వట్టి చారలే. చేపపిల్లలకు మాత్రం తిండి దొరికే చోట్లు.

సముద్రం లోపల, చల్లని నీటికీ పైనున్న వెచ్చని నీటికీ మధ్య, కంటికి కనబడని పెద్ద అలలు కదులుతుంటాయి. వాటివల్ల కొన్నిచోట్ల పైనీరు రెండు వైపుల నుంచీ వచ్చి కలిసి కిందికి దిగుతుంది. నీరు దిగుతుంది గాని, తేలే వస్తువులు దిగవు గదా! అవి అక్కడే పోగుపడతాయి. సముద్ర జీవుల నుంచి వచ్చిన జిడ్డు పొరలా పరుచుకొని చిరు అలలను అణచేస్తుంది. ఆ నునుపుకు కారణం అదే. ప్లవకాలనే చిన్న చిన్న జీవులూ అక్కడికే చేరతాయి. వాటిని తినడానికి డింభకాలు చేరతాయి.

గుడ్డు నుంచి కొత్తగా వెలువడిన చేపపిల్లే డింభకం. మొదట దాని పొట్టకు ఒక సొన సంచి ఉంటుంది. తల్లి కట్టి ఇచ్చిన సద్దిమూట అన్నమాట! అది కొద్ది రోజులకే అయిపోతుంది. ఆ తరువాత సొంతంగా ఎర పట్టుకోలేని పిల్ల ఆకలితో చస్తుంది.

మరి, ఆ చారలలో తేలేది ఎర ఒక్కటేనా? హవాయి ద్వీపపు పడమటి తీరంలో శాస్త్రజ్ఞులు సన్నని వలలు లాగి చూసి, 2019లో ఫలితాలు ప్రకటించారు. బయటి నీటి కన్న చారలలో డింభకాలు 8 రెట్లు ఎక్కువ. ప్లాస్టిక్ ముక్కలో? 126 రెట్లు! ఒక్కొక్క చేపపిల్లకు ఏడేసి ముక్కలు. 5 మిల్లీమీటర్ల కన్న చిన్నవాటిని సూక్ష్మ ప్లాస్టిక్కులంటారు. డింభకం నోట పట్టేవి అంతకన్న చాలా చిన్నవి. పొట్టలు కోసి చూస్తే చారలలోని డింభకాలలో 8.6 శాతం ప్లాస్టిక్ మింగాయి. బయటి నీటిలో అందులో సగం కూడా లేవు. మింగినవాటిలో నీలి రంగువీ, రంగులేనివీ అయిన సన్నని పోగులు ఎక్కువ. ఎర జీవుల రంగూ ఇంచుమించు అదే! ఎగిరే చేపల పిల్లల పొట్టలలోనూ ఇవి దొరికాయి. ఆ చేపలు పెరిగితే ట్యూనాలకూ సముద్ర పక్షులకూ ఆహారం.

మింగిన పిల్లలన్నీ చస్తాయని దీనికర్థం కాదు. ఈ విషయంలో తొందర పనికిరాదు. డింభకాలు ఎరను వదిలి ప్లాస్టిక్‌నే ఇష్టంగా తింటాయని 2016లో స్వీడన్ నుంచి ఒక పరిశోధన వెలువడి పెద్ద సంచలనమే కలిగించింది. విచారణలో అది నమ్మదగినది కాదని తేలి, 2017లో దానిని ఉపసంహరించారు.

పోనీ, ఆ చారలను వలలతో ఊడ్చేస్తే? హవాయిలో పరిశీలించిన ప్రాంతంలో చారలు ఆక్రమించింది నీటి ఉపరితలంలో 8 శాతమే. తేలే ప్లాస్టిక్‌లో దాదాపు 92 శాతం వాటిలోనే ఉంది. ఊడ్చడానికి ఇంతకన్న అనువైన చోటు దొరకదనిపిస్తుంది. కాని ఉపరితలాన తిరిగే డింభకాలలో 42 శాతం ఉన్నదీ అక్కడే. ముక్కా పిల్లా ఒకే సైజు అయినప్పుడు ఏ వల వాటిని వేరు చేస్తుంది?