గినీపిగ్‌కు కుక్క మందు వేయొద్దు

గినీపిగ్‌ను అమ్మేవాళ్లు పంజరం, మేత సంచీ చేతిలో పెడతారు గానీ ఒక మాట చెప్పరు: దీనికి జబ్బు చేస్తే పైకి కనబడదు. గద్దకో నక్కకో ఆహారమయ్యే ప్రాణి గనక నీరసాన్ని దాచుకుంటుంది. మనకు అనుమానం వచ్చేసరికే జబ్బు ముదిరిపోయి ఉంటుంది.

అందుకని ముందు ఇంట్లో ఒక త్రాసు ఉండాలి. పెరిగిన గినీపిగ్ సుమారు 700 నుంచి 1,200 గ్రాములు తూగుతుంది. వారానికోసారి తూచి రాసిపెట్టుకుంటే, మేత తగ్గిన సంగతి మన కంటికంటే ముందు ఆ అంకె పట్టిస్తుంది. పెంటికలు చిన్నవైనా, తగ్గినా పేగు మందగించినట్టే. ఇది పొద్దస్తమానం మేయాల్సిన జీవి. 12 గంటలు మేత ముట్టలేదంటే రేపటిదాకా ఆగే పని కాదు.

మేత మానడానికి చాలాసార్లు పళ్లే కారణం. దీని పళ్లన్నీ బతికున్నన్నాళ్లూ పెరుగుతాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. గుళికల మేత మీదే పెంచితే దవడపళ్లు పెరిగి నాలుక మీదికి వంతెనలా కమ్ముకుంటాయి. ముందుపళ్లు చూసి అంతా బాగుందనుకుంటే మోసపోతాం. తిమోతి అనే మేతగడ్డి కొనలేనివారు పురుగుమందు తగలని చోట కోసిన గరిక పెట్టొచ్చు.

మన ఒంట్లోలాగే దీని ఒంట్లోనూ సి విటమిన్ తయారుకాదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు బెరిబెరి జబ్బు గుట్టు తెలుసుకుందామని గినీపిగ్‌లకు ధాన్యం మేపితే వాటికి సి విటమిన్ లోపంతో వచ్చే స్కర్వీ పట్టుకుంది. కీళ్లు వాచి, కదలడానికి మొరాయిస్తే అదే అనుమానించాలి. రోజూ ఓ కాప్సికం ముక్క, కాస్త కొత్తిమీర చాలు. తాగే నీళ్లలో విటమిన్ చుక్కలు కలపడం దండగ, అది తొందరగా చెడిపోతుంది.

అసలు ప్రమాదం మందుల పెట్టెలో ఉంది. మనకో, కుక్కకో వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ను, తుమ్ముతోంది కదా అని నోట్లో పోస్తారు. పేగులోని మేలుచేసే సూక్ష్మజీవులు ఆ మందుకు చచ్చిపోతాయి. వాటి చోట క్లాస్ట్రిడియం అనే బ్యాక్టీరియా పెరిగి విషం పుట్టిస్తుంది. తుమ్ములతో చావని ప్రాణి మందుతో పోతుంది. పెన్సిలిన్ కోవ మందులు, క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ అన్నీ అంతే, హామ్‌స్టర్‌కూ అంతే. ఎన్రోఫ్లోక్సాసిన్ లాంటివి వాడతారు, అదీ డాక్టరు బరువు చూసి లెక్కకట్టిన మోతాదులో.

ఆ డాక్టరు దొరకడమే కష్టం. మన పశువైద్యశాలల్లో ఎక్కువగా వచ్చేవి గేదెలు, గొర్రెలు, మేకలు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం లాంటి చోట్ల పశువైద్య కళాశాలలున్నాయి. దగ్గర్లో ఉన్నవారు అక్కడ అడిగి చూడొచ్చు. జబ్బు చేయకముందే ఫోన్ చేసి, గినీపిగ్‌లను చూస్తారా అని కనుక్కోండి. ఆపరేషన్ మాట వస్తే, ముందు రాత్రంతా పస్తు ఉంచాలా అని కూడా అడగండి. ఇవి వాంతి చేసుకోలేవు, కుక్కలా కడుపు మాడ్చనక్కర్లేదు. మాడిస్తే పేగు ఆగిపోతుంది. ఉంచాలనే జవాబు వస్తే మరొకరిని వెతకడం మంచిదని నా అభిప్రాయం.

తీసుకెళ్లేటప్పుడు బుట్టలో గడ్డి వేయండి. వేసవిలో ఎండెక్కకముందే బయలుదేరండి. 30 డిగ్రీలు దాటితే దీనికి వడదెబ్బే.