కళాశాలలు వచ్చినవి - చదువును తూచువారెవ్వరు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములవారు ఉన్నతవిద్యకై బిడ్డలను హైదరాబాదునకో వరంగల్లునకో పంపక తప్పని దినములు గతించినవి. 2007లో కొండగట్టు చెంత నాచుపల్లియందు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల వెలసెను. 2008లో కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. కోరుట్లలో పశువైద్య కళాశాలయు, జగిత్యాల చేరువ పొలాసలో వ్యవసాయ కళాశాలయు నేర్పడినవి. 2022లో జగిత్యాలకును, 2023లో సిరిసిల్లకును ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. ఈ యభ్యుదయమునకు మేమెంతయు సంతసించుచున్నాము. కాని యీ కళాశాలలలోని చదువు మేలైనదని పూచీపడువారెవ్వరు?

ఇందులకై మన దేశమున ఏర్పాటులు లేకపోలేదు. యూజీసీవారు 1994లో బెంగళూరు కేంద్రముగా ‘నాక్’ అను మూల్యాంకన మండలిని నెలకొల్పిరి. ఇంజనీరింగు విద్యకు వేరొక మండలియు, వైద్యమునకు జాతీయ వైద్య కమిషనును, పశువైద్యమునకు పశువైద్య మండలియు గలవు. నాక్ పద్ధతిలో కళాశాల తన్ను గూర్చి తానే నివేదిక వ్రాసికొనును. పిమ్మట పరిశీలకులు వచ్చి చూచుట 2025 వరకు వాడుకగా నుండెను. ఏడు అంశములను బట్టి శ్రేణి నిర్ణయమగును. అట్టి శ్రేణి సాధారణముగా ఐదేండ్లు చెల్లును.

చెప్పివచ్చు తనిఖీకి ఇల్లలుకుట లోకసహజము. గోడలకు సున్నము పడును, దస్త్రములు సిద్ధమగును, గ్రంథాలయమున దుమ్ము తొలగును. అంతకంటె ఘోరమైన సంగతి 2025 ఫిబ్రవరిలో బయల్పడెను. ఆంధ్రప్రదేశమునందలి యొక ప్రైవేటు విద్యాసంస్థకు ఉన్నత శ్రేణి నిచ్చుటకై లంచము గైకొనిరను ఆరోపణముపై నాక్ పరిశీలక సంఘ సభ్యులను సీబీఐ నిర్బంధించెను. నేరనిర్ణయము న్యాయస్థానముల పని. కాని తూచువానినే తూచవలసిన యవస్థ వచ్చెనని గ్రహించుటకు తీర్పు రానవసరము లేదు.

శ్రేణి యక్షరము ఒక దినపు దృశ్యమునకు గుర్తు, విద్య నిత్యకృత్యము. కోరుట్లలో చదివిన పశువైద్యుడు ఈనలేని గేదెను రక్షింపగలడా? పొలాసలో చదివినవాడు పసుపు చేనిలో దుంపకుళ్లును గుర్తింపగలడా? నిజమైన పరీక్ష యిది. ఇందులకు మూలము బోధించు అధ్యాపకుడు. అతని స్థానము ఖాళీగా నుండగా ఎంత మేడ కట్టిన నేమి ఫలము? వైద్య కళాశాలలయందు అధ్యాపకుల హాజరును ఆధారుతో ముడివెట్టి నమోదు చేయుట మంచి మార్గమే. తక్కిన కళాశాలలకును దీనిని విస్తరింపవలయును.

ప్రభుత్వమునకు మా సూచన యిది. మంజూరైన అధ్యాపక స్థానములెన్ని, నిండినవెన్ని, ప్రవేశించినవారిలో ఉత్తీర్ణులెందరు అను లెక్కలను ప్రతి కళాశాల ద్వారమున తెలుగులో వ్రాసి నిలుపవలయును. పరిశీలకులు ముందుగా తెలుపకయే రావలయును.

ఇక మన వంతు. ఎద్దును కొనునపుడు పండ్లు పట్టి చూచు రైతు, పోగులెంచి గుడ్డకు ధర కట్టు సిరిసిల్ల వర్తకుడు, బిడ్డను కళాశాలలో చేర్చునపుడు మాత్రము గోడమీది ప్రకటన చూచి తృప్తి చెందుచున్నాడు. నాక్‌నకు సమర్పించు స్వీయ నివేదికలు రహస్యములు గావు. వానిని అడిగి చదువవచ్చును. అధ్యాపకులెందరని ప్రశ్నింపవచ్చును. బిడ్డయొక్క మూడు నాలుగేండ్ల కాలము ఎద్దు వెలకంటె తక్కువదా యని పాఠక మహాశయులు యోచింతురు గాక.