చతుర్గణిత విద్యలు (ఉన్నత పాఠశాల బోధన)

అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం అనే నాలుగు ప్రాచీన విద్యలను కలిపి '''చతుర్గణిత విద్యలు''' అనవచ్చు. లాటిన్ భాషలో వీటికి క్వాడ్రివియం అని పేరు. ఈ మాటకు నాలుగు దారులు కలిసే చోటు అని అర్థం. ప్లేటో తన ''రిపబ్లిక్'' ఏడవ భాగంలో వీటిని తత్త్వవిద్యకు ముందు నేర్వవలసినవిగా చెప్పాడు. బొయీథియస్ 6వ శతాబ్ది ఆరంభంలో వీటిని ఒక క్రమంలో కూర్చగా, మధ్యయుగపు ఐరోపా విశ్వవిద్యాలయాలు వాటిని స్వీకరించాయి.

సంగీతం గణితంలో ఎలా చేరిందని సందేహం కలుగవచ్చు. సంఖ్యను విడిగా పరిశీలిస్తే అంకగణితం, మరొక సంఖ్యతో దానికి గల సంబంధాన్ని పరిశీలిస్తే సంగీతం, నిశ్చలమైన పరిమాణాన్ని పరిశీలిస్తే రేఖాగణితం, చలించే పరిమాణాన్ని పరిశీలిస్తే ఖగోళం అని ప్రాచీన గ్రీకుల విభజన.

== తరగతి గదిలో ==
అమెరికాలోని సెయింట్ జాన్స్ కళాశాల 1937లో ప్రాచీన గ్రంథాల పఠనాన్ని తన పాఠ్యక్రమానికి ఆధారం చేసుకొన్నది. అక్కడి విద్యార్థులు యూక్లిడ్ ప్రతిపాదనలను బోర్డు దగ్గర నిలబడి స్వయంగా నిరూపిస్తారు. తరువాతి కాలంలో ఆ దేశంలో సంప్రదాయ విద్యా పాఠశాలలు అనేకం వెలిశాయి. డొరతీ సేయర్స్ 1947లో చేసిన ప్రసంగం వాటికి ప్రేరణ. అయితే అది ప్రధానంగా వ్యాకరణ, తర్క, వక్తృత్వాలను గురించినది కావడంతో గణిత విద్యలు వెనుకబడ్డాయి.

నాలుగింటిలో పాఠశాలకు సులువుగా అమరేది సంగీత పాఠమే. పలక మీద 60 సెం.మీ. తీగను బిగించి మీటితే వచ్చే స్వరాన్ని షడ్జమం అనుకొందాం. తీగను 30 సెం.మీ. వద్ద ఆపితే తారస్థాయి షడ్జమం, 40 వద్ద పంచమం, 45 వద్ద శుద్ధ మధ్యమం పలుకుతాయి. మధ్యమ పంచమాల నడుమ అంతరం 45/40, అనగా 9/8. భిన్నాల భాగహారం ఇక్కడ చెవికి వినిపిస్తుంది.

అసలు పాఠం దీని తరువాతిది. పంచమాన్ని పన్నెండుసార్లు పేర్చుకొంటూ పోతే ఏడు స్థాయిలు పైనున్న షడ్జమం రావాలని తోస్తుంది. కాని (3/2)<sup>12</sup> విలువ సుమారు 129.75, 2<sup>7</sup> విలువ 128. ఎన్నిసార్లు పేర్చినా ఈ రెండూ కలవవు, ఏలయనగా 3 యొక్క ఘాతం ఎల్లప్పుడూ బేసి, 2 యొక్క ఘాతం సరి. పియానో వంటి వాద్యాల శ్రుతిలో ఈ తేడాను స్వరాలన్నిటికీ పంచక తప్పదు. పదవ తరగతి విద్యార్థికి ఇంతకంటే చక్కని నిరూపణ దొరకడం కష్టం.

== ఇబ్బందులు ==
ఈ నాలుగు విద్యలలో నేటి బీజగణితం, కలనగణితం లేవు. కనుక ఇవి ప్రస్తుత పాఠ్యాంశాలకు తోడు కాగలవే గాని బదులు కాజాలవు. టాలెమీ భూకేంద్ర సిద్ధాంతాన్ని బోధించేటప్పుడు, అది ఎందుకు నమ్మదగినదిగా కనిపించిందో, ఎందుకు వీగిపోయిందో రెండూ చెప్పాలి. ఒకటి చెప్పి వదిలితే కాలహరణమే. అన్నిటినీ మించిన చిక్కు ఉపాధ్యాయులది. గణితం, శ్రుతిజ్ఞానం రెండూ ఉన్నవారు అరుదు కావడంతో ఒకే గంటలో ఇద్దరు ఉపాధ్యాయులను నిలపాలి, అందుకు కాలపట్టిక అనుమతించాలి.