ఫిజీ తీగల పాట, మన భజన

ఫిజీ అనగానే మనకు చెరకు తోటలు, కూలీల ఓడలు గుర్తుకొస్తాయి. ఆ దీవుల పాటను నాకు పరిచయం చేసింది మన ఎటోబికోలోని ఒక ఫిజీ కుటుంబం. ఆ ఇంటి పెద్దాయన తాతగారు విశాఖపట్నం జిల్లానుంచి వచ్చి మద్రాసు రేవులో ఓడెక్కిన గిరిమిట్ కూలీ. పెద్దాయన 1987 సైనిక తిరుగుబాటు తరువాత కెనడా చేరారు.

ఫిజీ పల్లెల్లో నాలుగు గిటార్లు, ఒక ఉకులేలే ఉంటే చాలు, పాట మొదలైనట్లే. దానిని సింగిద్రింగి అంటారు. ఇంగ్లీషులోని సింగ్, డ్రింక్ అనే రెండు మాటలు ఆ నోళ్లలో అలా తిరిగాయి. తాగేది సారా కాదు లెండి! యంగోనా అని, మిరియాల జాతి మొక్క వేరును దంచి నీళ్లలో పిసికిన పానీయం. పెద్ద కొయ్య పాత్ర చుట్టూ చాపల మీద కూర్చుంటారు. కొబ్బరి చిప్ప చేతులు మారుతుంది, చప్పట్లు మోగుతాయి, పాట సాగుతుంది. వేదిక లేదు. ఒకరు ఎత్తుకుంటే తక్కినవారు పై గొంతులోనో మంద్రంలోనో కలుపుతారు. పెళ్లయినా, ఊరికి చందాలు పోగుచేయాలన్నా, చుట్టాన్ని సాగనంపాలన్నా ఇదే పద్ధతి. వీడ్కోలుకు పాడే 'ఈసా లేయి' దేశమంతటికీ తెలుసు.

ఇక్కడొక చిత్రం చెప్పాలి. 1879 మే నెలలో లియొనిడాస్ ఓడ తొలి భారతీయ కూలీలను ఫిజీలో దించింది. అదే ఏడు ఆగస్టులో రేవెన్స్‌క్రాగ్ అనే ఓడ మదీరా దీవి కూలీలను హవాయి చెరకు తోటలకు చేర్చింది. వారి చిన్న గిటారే ఉకులేలే అయి పసిఫిక్ అంతటా పాకింది. మనవాళ్లూ, ఆ వాద్యమూ చెరకు వెంట వెళ్లినవారే!

మద్రాసు ఓడలు 1903లో మొదలయ్యాయి. 1926లో సంగం, 1941లో ఆంధ్ర సంగం వెలిశాయి. బడుల్లో తెలుగు చెప్పించారు. అయినా ఇళ్లలో ఫిజీ హిందీయే నిలిచింది. తెలుగు భజనలో మిగిలింది. హార్మోనియం, ఢోలక్, తాళాలు, వాటి నడుమ అదే యంగోనా పాత్ర!

పెద్దాయన భజనల నోటుబుక్కులో తెలుగు పాటలన్నీ హిందీ అక్షరాల్లో ఉన్నాయి. రాగం తప్పరు. ఒకనాడు పాట ఆపి, "ఆలకించు అంటే ఏమిటి బాబూ?" అని హిందీలో అడిగారు. చెప్పాను. పక్కనే ఉన్న మా అమ్మాయికి ఆ మాట తెలుసుగానీ, ఒక్క భజనా రాదు. మన పిల్లలకు పాటంటే మైకు, పోటీ, బహుమతి. అందులో తప్పు పిల్లలది కాదు.

ఇప్పుడు నెలకొక శనివారం వారి బేస్‌మెంటులో చాపలు పరుస్తున్నాం. అమ్మాయి ఆ నోటుబుక్కును తెలుగు లిపిలోకి ఎత్తిరాస్తోంది. పద్నాలుగు పాటలయ్యాయి. పెద్దాయన మనవడు ఉకులేలే తెస్తాడు.